గోడ ఇవతలి నేల

ఎమెట్ సంచిలో మూడో చొక్కా పెట్టాను. తీశాను. మళ్ళీ పెట్టాను.

"ఏంటొదినా, ఆసుపత్రికి పంపుతున్నావా, కాపరానికి పంపుతున్నావా?" అన్నాడు మా మరిది, పొయ్యి పక్క కుర్చీలో కాళ్ళు బారజాపుకుని. "అక్కడ వీపంతా కనబడే గౌనొకటి ఇస్తారట. చొక్కాలతో పనేముంది?"

"వచ్చేటప్పుడు వేసుకోడానికి."

"వచ్చేటప్పుడు ఒక్కటి చాలదూ? ఒకదాని మీద ఒకటి తొడుక్కుని రమ్మంటావా?"

ఉన్ని మేజోళ్ళు, గడ్డం గీసుకునే కత్తి, పళ్ళసెట్టు డబ్బా, కళ్ళజోడు. సంచి సర్దుతున్నంతసేపూ ఏదో మరిచిపోయానన్న బెంగ నన్ను వదలదు. ఆ గుడ్డ సంచి హాలిస్‌ది, నా పెనిమిటిది. నాలుగేళ్ళ కిందట ఇదే బల్ల మీద ఇలాగే సర్ది ఆయన్ని పంపాను. సంచి తిరిగి వచ్చింది.

"జిప్పు నువ్వే వేసుకో. నేను వెయ్యను," అన్నాను.

"ఏం?"

"నేను మూసిన సంచులు చాలు."

ఎమెట్ నా మొహం కేసి చూశాడు. లేచి, జిప్పు లాగి, వచ్చి కూర్చున్నాడు. ఆ నాలుగడుగులకే రొప్పు వచ్చింది. గుండెలో కవాటం ఒకటి పాడైందట. బర్లింగ్టన్ పెద్దాసుపత్రిలో సోమవారం కోసి కొత్తది పెడతామన్నారు, శనివారమే వచ్చి చేరమన్నారు. పక్కింటి లూసియెన్ మధ్యాహ్నం కారు తెస్తానన్నాడు.

ఆ శనివారం నాటికి మా కొండ సంగతి ఇలా ఉంది. ఊరి వెనక అడవిలో సైకిల్ బాటలన్నీ సొంతదారుల నేల మీదే వెళతాయి. ఏ బాటకీ కాగితం లేదు, చెయ్యే ఉంది. మంచు కరిగి, బురద ఆరిన తరువాత బాటల సంఘం తరపున కొలెట్ మార్షాండ్ ఇంటింటికీ ఒక యాపిల్ కేకు పట్టుకుని వస్తుంది. కూర్చుని కష్టసుఖాలు వింటుంది. లేచేటప్పుడు అడుగుతుంది, నేల గలవాళ్ళు చెయ్యి కలుపుతారు. అది మరుసటి వసంతం దాకా చెల్లుతుంది. అయితే ఆగస్టులో, కొండకి అవతలి వైపు కొనుక్కున్న ప్రెస్కాట్ అనే పట్నం ఆయన, తన చెట్లన్నిటికీ ప్రవేశం లేదని పసుపు పలకలు కొట్టించాడు. దాంతో కింది బాటలకీ పై బాటలకీ మధ్య ఒక్కటే దారి మిగిలింది. మా మేపుల్ తోట పైన, రాతిగోడకి ఇవతల, సన్నగా సాగే నేల. దాన్ని అందరూ మెడ అంటారు. అది కూడా పోకుండా సంఘంవాళ్ళు ఆ ముక్కకు మాత్రం కాగితం రాయించుకుందామని సర్వేయరుని పిలిచారు. బుధవారం అతను వచ్చి చెట్లకి గులాబీ రంగు రిబ్బన్లు కట్టి పోయాడు.

రాతిగోడే మా రెండు ఇళ్ళ హద్దని నేను కాపరానికి వచ్చిన రోజు నుంచీ అనుకుంటున్నాను. గోడకి ఇవతల హాలిస్‌ది, అవతల తమ్ముడు ఎమెట్‌ది. రిబ్బన్లు గోడ మీద లేవు. బాగా ఇవతలగా, వాగు వెంట ఉన్నాయి. వంటింటి కిటికీలోంచి మూడు రోజులుగా చూస్తూనే ఉన్నాను. ఎమెట్ రోజూ పొద్దున్నే టిఫినుకి వాటి పక్కనుంచే నడిచి వస్తున్నాడు. అతనూ వాటి ఊసెత్తలేదు, నేనూ ఎత్తలేదు.

బయట బ్రేకు కీచుమంది. వరండాలో బూట్లు విప్పుతున్న చప్పుడు.

"వెర్నమ్మా, కాఫీ ఉందా? లేకపోతే చెప్పండి, ఇలాగే పోతా."

"ఉన్నా లేకపోయినా పోవు కదా నువ్వు," అన్నాడు ఎమెట్ లోపలి నుంచే.

కొలెట్ మేజోళ్ళతో లోపలికి వచ్చింది. నలభై దాటిన మనిషి, భుజాలు వెడల్పు, మోకాళ్ళ దాకా బురద, వీపు సంచిలోంచి రంపం పిడి బయటికి కనిపిస్తోంది. మామూలుగా ఆమె రాగానే వంటింట్లో గాలి మారిపోయేది. ఎవరి కుక్క ఎవర్ని కరిచిందో, ఏ వంతెన పలక ఊడిందో, తను ఎన్నిసార్లు పడిందో చెప్పి చెప్పి నవ్వించేది. ఆ రోజు నవ్వలేదు. కప్పు రెండు చేతులతో పట్టుకుని బల్ల మీది సంచిని చూసింది.

"ఇవాళేనా ఎమెట్ గారూ?"

"ఇవాళే. మా వదిన నాకు సారె సర్దింది."

"భయంగా ఉందా?"

"తిండి గురించి కొంచెం."

కొలెట్ పెదవులు కదిలాయిగానీ అది నవ్వు కాలేదు. కాఫీ తాగకుండానే కప్పు దించింది.

"ఇవాళ ఈ మాట ఎత్తకూడదు, తెలుసు. ఎత్తకపోతే నా కడుపులో ఆగడం లేదు. రాత్రి సర్వేయరు ఫోన్ చేశాడు. ఆ గోడ హద్దు కాదంట వెర్నమ్మా."

"గోడ కాకపోతే మరేంటి?" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినిపించింది. "అంత గోడ ఎవరైనా సరదాకి కట్టుకుంటారా?"

"గొర్రెలకి కట్టారు," అన్నాడు ఎమెట్.

ఇద్దరం అతని వైపు తిరిగాం.

"మా తాత నాటికి ఈ కొండ మీద చెట్టు లేదు. అంతా గొర్రెల బీడు. రాళ్ళు ఎక్కడ తగిలితే అక్కడే పేర్చుకుంటూ పోయారు. బరువు మోసుకుంటూ హద్దు దాకా ఎవడు పోతాడు? హద్దు వాగే. వాగు మొదట్లో ఇనప కడ్డీ ఉంది. పెద్ద మేపుల్ చెట్టు బోదెలో ముళ్ళతీగ కూరుకుపోయి ఉంది. మా నాన్న మా ఇద్దర్నీ తీసుకెళ్ళి చేత్తో తడిమించాడు, హాలిస్‌కి పన్నెండేళ్ళు."

"అయితే మెడ..." అంది కొలెట్.

"నాదే."

పొయ్యిలో కట్టె జారి పడింది. ఎవరూ లేచి సరిచెయ్యలేదు.

కొలెట్ చాలా నెమ్మదిగా మాట్లాడింది. "ప్రతి ఏడూ ఈ వంటింట్లోనే చెయ్యి కలిపాను. ముందు హాలిస్ గారితో. ఆయన పోయాక వెర్నమ్మతో. ప్రతిసారీ మీరు అదే కుర్చీలో కూర్చుని ఉన్నారు. నేను తెచ్చిన కేకు తిన్నారు కూడా."

"బాగుండేది. లవంగం కొంచెం ఎక్కువ వేస్తావు."

"ఎమెట్!" అన్నాను. "నోరు లేదా నీకు? నాలుగేళ్ళు నీ నేల మీద నేను చెయ్యి ఇస్తుంటే చూస్తూ కూర్చున్నావా? 'వదినా, అది నీది కాదు' అనలేకపోయావా?"

"అనలేకపోయాను."

"ఏం?"

"ఏమనను? కేకు పంచుతున్న మనిషి దగ్గరికెళ్ళి, ఆ నేల నాది, నన్నడగండి అనాలా? అడిగించుకునేది కాదొదినా అది." అతను మోకాళ్ళ మీద చేతులు ఆనించుకున్నాడు. కోపంగా లేడు. కోపం వస్తే నాకు సులువుగా ఉండేది. చాలా దూరం నడిచి వచ్చి, ఇంకా నడవాలని తెలిసిన మనిషిలా ఉన్నాడు. "హాలిస్ అడిగేవాడు."

నాకు అర్థం కాలేదు. "ఏమడిగేవాడు?"

"మార్చిలో మేపుల్ రసం పాకం కాచేటప్పుడు. కొట్టంలో ఇద్దరమే ఉండేవాళ్ళం కదా. పెనం కేసి చూస్తూ, నా కేసి చూడకుండా, 'కొలెట్ వచ్చే రోజులు దగ్గరపడ్డాయి, ఏమనమంటావు?' అనేవాడు. 'సరే అను' అనేవాణ్ణి. అంతే. ఇంకో మాట ఉండేది కాదు. పెద్దవాడు గనక వాడు చెయ్యి కలిపేవాడు. నాకు అది చాలు."

కొలెట్ తల దించుకుంది. నేనూ హాలిస్ నలభై ఎనిమిదేళ్ళు ఒకే ఇంటి కప్పు కింద ఉన్నాం. ఏ ఆవు ఎప్పుడు ఈనిందో కూడా నాకు చెప్పి పడుకునే మనిషి. ప్రతి మార్చిలోనూ తమ్ముణ్ణి ఒక మాట అడుగుతున్నానని నాకు ఒక్కసారైనా చెప్పలేదు. దాచాలని కాదు. అలా అనుకుంటే హాలిస్‌ని ఎరగనట్టే. అది చెప్పే సంగతని ఆయనకి తోచి ఉండదు, గుమ్మంలో కాళ్ళు తుడుచుకోవడం చెప్పే సంగతి కానట్టు. ఆయనతోపాటు ఆ అడగడం కూడా మట్టిలోకి పోయింది. పోయిందని నాకు తెలియనే లేదు.

"మొదటి ఏడు నేనేమీ అనుకోలేదు," అన్నాడు ఎమెట్. "నువ్వింకా మనిషివి కాలేదప్పటికి. రెండో ఏడు, కొలెట్‌కి చెప్పి ఉంటాడేమో, తనే వస్తుందేమో అనుకున్నా. మూడో ఏడు కొత్త చొక్కా వేసుకుని కూర్చున్నా."

నాకు ఆ చొక్కా గుర్తుంది. ఏమిటి విశేషం, పెళ్ళిచూపులా అని ఎగతాళి చేశాను.

"ఇక ఈ ఏడు," అని ఆగి ఊపిరి తీసుకున్నాడు, "జులైలో నేను ట్రాక్టరు మీద కట్టెలు తెస్తున్నా. మెడ దగ్గర ఒకడు ఎదురొచ్చాడు. తలకి టోపీ, కళ్ళకి అద్దాలు, ముక్కు తప్ప మనిషి కనపడలేదు. 'బాట మీద ట్రాక్టరేంటి తాతా, పక్కకి తియ్' అన్నాడు."

"మీరేం చేశారు?" అంది కొలెట్.

"తీశాను."

"అయ్యో, ఎమెట్ గారూ."

"ఏప్రిల్లో బురద ఆరేదాకా రావద్దని నువ్వు కట్టిన తాడు పైకెత్తి దూరిపోయారు ఇంకెవరో. బురదలో చక్రాలు దిగి మేపుల్ వేళ్ళు తేలాయి. చెట్ల రసం దిగే గొట్టాలు నేనూ వదినా మూడు చోట్ల అతికించుకున్నాం. నువ్వు మంచిదానివే పిల్లా. నీ మీద నాకేం లేదు. నీ వెనకాల వచ్చేవాళ్ళంతా నువ్వు కాదు, అంతే."

కొలెట్ కళ్ళు ఎర్రబడ్డాయి. ఏడుపు కాదు, నిద్రలేమి. ఆమె పరిస్థితి నాకు తెలుసు. సంఘంలో జీతం మీద ఉన్నది తనొక్కతే. వచ్చే వారం సంఘంవాళ్ళు కూర్చుంటున్నారు. మెడ మూతపడితే పైబాటలూ కిందిబాటలూ రెండు ముక్కలవుతాయి. ఆ తరువాత దూరం నుంచి ఎవరూ రారు, ఎవరూ రాకపోతే ఆమెని ఉంచుకోలేరు. ఆ బాటలన్నీ ఆమె చేతుల్తో తవ్వినవే. వాటి కోసం భుజం ఎముక విరగ్గొట్టుకుంది, వాటి కోసమే ఒక మొగుణ్ణి కూడా పోగొట్టుకుంది. ఆ ఉద్యోగం పోతే ఈ ఊళ్ళో ఆమెకి ఇంకొక పని లేదు, వెళ్ళిపోవాల్సిందే.

నా పరిస్థితి కూడా చెప్పాలి. మా ఇంటికి కారణం లేకుండా వచ్చేవాళ్ళు ఇప్పుడెవరూ లేరు. కొలెట్‌కి మెడ కారణం. వాగు మీద వంతెన చూడ్డానికని, పడిన చెట్టు కొయ్యడానికని, వారానికోసారి మా వాకిట్లో ఆ బ్రేకు కీచుమనేది. మెడ మూతపడితే ఆ చప్పుడు కూడా ఉండదు.

కొలెట్ లేచి నిలబడింది. టోపీ తీసి చంకలో పెట్టుకుంది. ప్యాంటుకి చెయ్యి తుడుచుకుంది.

"ఎమెట్ గారూ, ఆలస్యంగా అడుగుతున్నా. ముందే అడగాల్సింది, తెలియక అడగలేదు. మెడ మీదుగా బాట ఉండనిస్తారా?"

చెయ్యి చాచింది.

ఎమెట్ ఆ చేతిని చూశాడు. అతని చేతులు మోకాళ్ళ మీదనుంచి లేవలేదు.

"ఇవాళ కాదు."

"ఎందుకు కాదు?" అన్నది నేను.

"సోమవారం నా గుండె ఆపి, కోసి, కుట్టి, మళ్ళీ నడుపుతారట. నడిస్తే సరే. నడవకపోతే ఈ చెయ్యి ఎవరిది? మనిషి పోతే చెయ్యి పోయినట్టే. నేల కనెటికట్‌లో ఉన్న మా మేనల్లుడికి పోతుంది. వాడికి మేపుల్‌కీ దేవదారుకీ తేడా తెలీదు. మర్నాడే ప్రెస్కాట్‌కి అమ్ముతాడు. నిలబెట్టుకోలేనని తెలిసి చెయ్యి ఇవ్వడం ఏం మర్యాద?"

"నా పేర రాసెయ్యొచ్చుగా, అంత బెంగగా ఉంటే."

"నీకు రాద్దామంటే నువ్వు నాకంటే పెద్దదానివి ఒదినా. ముందు ఎవరు పోతామో చీట్లు వేసుకోవాలి." కొలెట్ వైపు తిరిగాడు. "వచ్చాక అడుగు. బతికొస్తే నా ఇంటికొచ్చి, నా వరండాలో అడుగు. లవంగం తగ్గించి కేకు తీసుకురా."

కొలెట్ చెయ్యి వెనక్కి తీసుకుంది. చిన్నబుచ్చుకోలేదు. తల ఊపింది, లెక్క సరిపోయినట్టు.

"సరేనండి. అయితే మీరొచ్చేదాకా మెడ మూసేస్తాను."

"మూసేస్తావా? ఇవాళా? ఎముకలు కొరికే చలిలో కూడా బండి మీద బండి వస్తోంది, పొద్దుట్నుంచి ముప్పైమందిని చూశాను. వాళ్ళందర్నీ వెనక్కి పంపితే సంఘంలో నిన్ను బతకనిస్తారా?"

"బతకనివ్వరు."

"మరి?"

"మరి ఏం చెయ్యమంటారు వెర్నమ్మా? ఎమెట్ గారు సరే అనలేదు కదా."

"కాదని కూడా అనలేదు. వచ్చాక అడుగు అన్నాడు. సర్వేయరుకీ మన ముగ్గురికీ తప్ప ఎవరికి తెలుసు? ఇన్నేళ్ళు నడిచింది, ఇంకో రెండు వారాలు నడిస్తే ఏమవుతుంది? జింకల వేట మొదలైతే ఎలాగూ మూస్తావు. అప్పటిదాకా ఊరుకో."

"నాకు తెలిసింది కదా."

"తెలిస్తే?"

"తెలియనంత కాలం అది పొరపాటు. రాత్రి నుంచి అది వేరే." బూట్లు వేసుకోడానికి వరండాలోకి నడిచింది. "ఇంటింటికీ వెళ్ళి నేను అడిగేది ఒక్కటే, నన్ను నమ్మండి అని. ఒక్కచోట అడక్కుండా తొక్కితే మిగిలిన అందరి చేతులూ ఉత్తవే అవుతాయి."

నేను వెనకే వెళ్ళాను. లేసులు బిగించుకుంటుంటే జుట్టులో నెరిసిన వెంట్రుకలు కనిపించాయి. ఎప్పుడు నెరిశాయో గమనించలేదు. నా కడుపున పిల్లలు పుట్టలేదు. పుట్టి ఉంటే ఈ వయసు ఉండేదేమోనని ఆమెను చూసినప్పుడల్లా అనుకునేదాన్ని, ఎన్నడూ బయటికి అనలేదు.

"స్వెట్టరు వేసుకో. ఆకాశం బాగా లేదు."

"ఉందండి సంచిలో."

"వచ్చేటప్పుడు ఇటే వస్తావుగా?"

"ఇంకెటు వస్తాను? అటు ప్రెస్కాట్ పలకలున్నాయి. రెండు తాళ్ళు కట్టి, బోర్డులు తిప్పి, పైన ఉన్నవాళ్ళని దింపి వస్తా. చీకటి పడేలోపే. కాఫీ ఉంచండి." గుమ్మంలోంచి లోపలికి తొంగిచూసి, "ఎమెట్ గారూ, బతికి రండి. మిమ్మల్ని అడగాల్సింది ఉంది," అంది.

"నువ్వడిగావని బతకలేను. ప్రయత్నిస్తా," అన్నాడు ఎమెట్.

ఆమె సైకిలు ఎక్కి, తోట పక్కనుంచి పైకి తొక్కుకుంటూ వెళ్ళింది. ఆకులు రాలిన చెట్ల మధ్య ఎర్ర చొక్కా చాలాదూరం కనిపించింది. వాగు దాటాక కనిపించలేదు.

లూసియెన్ చెప్పిన వేళకంటే ముందే వచ్చాడు. ఎమెట్ కోటు తొడుక్కుంటూ కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఇద్దరు సైకిలువాళ్ళు కొండ మీంచి దిగి, మొహాలు వేలాడేసుకుని మా వాకిట్లోంచి రోడ్డు మీదికి వెళుతున్నారు.

వరండాలోంచి నేనే అడిగాను. "ఏమైందయ్యా?"

"పైన మూసేశారండి. తాడు కట్టారు. ఒకావిడ నిలబడి అందర్నీ వెనక్కి పంపుతోంది. మూడు గంటలు కారు నడుపుకుంటూ వచ్చాం!"

"కారణం ఏం చెప్పింది?"

"నేల గలాయన్ని అడగలేదు, అడిగి తెరుస్తాం అంది. తప్పు నాదే అంది."

ఎమెట్ వింటున్నాడు. కోటు గుండీ ఒకటి పెట్టుకోవడం మరిచిపోయాడు. నేను పెట్టాను.

"పిచ్చిముండ," అన్నాడు నెమ్మదిగా. ఆ మాట అతని నోటివెంట అంత ముద్దుగా రాగా నేనెప్పుడూ వినలేదు. "నిజంగానే మూసేసింది. నేను బెదిరిస్తే చాలు ఊరుకుంటుందనుకున్నా."

"బెదిరించావా?"

"ఏమో ఒదినా. అలిసిపోయి ఉన్నాను. నాలుగేళ్ళు మనసులో అనుకున్నది పైకి అంటే ఎలా ఉంటుందో చూద్దామనుకున్నా. అన్నాను. ఏమీ లేదు. కడుపు తేలికపడుతుందనుకున్నా, అదీ లేదు."

లూసియెన్ సంచి తీసుకెళ్ళి కారులో పెట్టాడు. ఎమెట్‌ని చెయ్యి పట్టుకుని మెట్లు దింపాను. కారు తలుపు పట్టుకుని అతను ఆగాడు. పైకి, అడవి వైపు చూశాడు.

"వదినా, అది దిగొచ్చాక చెప్పు. నేనొచ్చేదాకా తెరిచే ఉంచుకోమను."

"చెయ్యి ఇచ్చినట్టేనా?"

"చెయ్యి కాదు, మాట. చెయ్యి వచ్చాక, నా వరండాలో. నేను రాకపోతే మేనల్లుడితో తన తిప్పలు తను పడుతుంది. ఆ లోపు నా పేరు మీద ఎవర్నీ వెనక్కి పంపొద్దని చెప్పు. తప్పు తనది కాదని కూడా చెప్పు. మా అన్నది. చెప్పకుండా పోవడం మా ఇంట్లో మగాళ్ళకి జబ్బు."

"ఇప్పుడే చెబితే బాగుండును. కొండ మీద ఫోన్లు పలకవాయె."

"సాయంత్రం దిగుతుందిగా. కొంపేం మునిగిపోదు." కూర్చుని, బెల్టు పెట్టించుకుని, కిటికీ దించాడు. "ఏడవకు. గౌను వేసుకున్నాక ఫొటో పంపమంటా."

కారు మలుపు తిరిగేదాకా నిలబడ్డాను. ఎప్పటిలాగే ఛాతీలో ఆ పాత బరువు దిగింది. ఈసారి మాత్రం దాని పక్కనే ఇంకొకటి ఉంది. చాలా కాలంగా నా దగ్గర ఎవరికైనా ఇవ్వదగిన మంచి మాట ఏదీ లేదు. ఇప్పుడు ఒకటి ఉంది. దాన్ని ఎలా చెప్పాలా అని వరండాలో కూర్చుని మనసులో వల్లె వేసుకున్నాను. ముందు కాఫీ ఇచ్చి చెప్పాలా, గేటు దగ్గరే అరిచి చెప్పాలా? ముందు ఏడిపించి తరువాత చెబితే ఏమంటుందో?

సైకిళ్ళు దిగుతూనే ఉన్నాయి. ఒంటరిగా కొందరు, గుంపులుగా కొందరు. కొందరు నాకు నమస్కారం పెట్టారు, కొందరు గొణుక్కున్నారు. ప్రతివాళ్ళనీ అడిగాను. ఉందండీ, పైనే ఉందండీ, రెండో తాడు కట్టడానికి వెళుతోందండీ అన్నారు. ఆఖరుగా ఒక నడివయసు జంట దిగారు. మా వెనక ఇంకెవరూ లేరని, ఆవిడ తమకి దారి చూపించి, బోర్డు తిప్పడానికి మెడ పైకి నడిచి వెళ్ళిందని చెప్పారు. వాళ్ళు వెళ్ళాక బాట మీద కదలిక ఆగిపోయింది. తేలిక మంచు పడటం మొదలైంది, నేలని తాకగానే కరిగిపోయే మంచు. వాగు చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు.

కాఫీ రెండోసారి వెచ్చబెట్టాను. చెట్ల మధ్య వెలుగు తగ్గుతూ వచ్చింది. స్వెట్టరు భుజాన వేసుకుని వాగు దాకా వెళ్ళాను. తాడు కట్టి ఉంది. గట్టిగా, రెండు ముళ్ళు వేసి, నడుమ తెల్ల గుడ్డ కట్టి, ఎవరూ గుద్దుకోకుండా. "కొలెట్!" అని పిలిచాను. "ఎమెట్ సరే అన్నాడే! తెరిచెయ్యమన్నాడు!" నా గొంతు అక్కడే చెట్లలో పడిపోయింది. తాడు కింద నుంచి వంగి వెళదామనుకున్నాను. మోకాళ్ళు ఒప్పుకోలేదు. ఇంటికి వచ్చి, ఊళ్ళో సంఘంవాళ్ళకి ఫోన్ చేశాను. వాళ్ళు దీపాలు పట్టుకుని వెతకడానికి పైకి వెళ్ళారు.

ఎమెట్ తిరిగి వచ్చాడు. నవంబరు రెండో వారంలో, సగం మనిషై, ఆసుపత్రి చారుని తిట్టుకుంటూ వచ్చాడు. అక్కడున్నన్నాళ్ళూ అతని చెవిన ఊరి కబురేదీ పడనివ్వలేదు. కారు దిగకముందే, కిటికీ దించి, అతను అడిగిన మొదటి మాట, "చెప్పావా?"

చెప్పలేదు. కొలెట్ మార్షాండ్ ఆ కొండ మీంచి ప్రాణాలతో తిరిగి రాలేదు. అది అక్టోబరు ఆఖరి శనివారం.